‘సేజ్’ పేరుతో మొక్క, ఆకు, నూనె కొంటున్నారా? ముఖ్యంగా ఆ నూనె జోలికి పోకండి

ముందు అసలు విషయం చెప్పేస్తా. సేజ్ అంటే గొంతు నొప్పికి ఆకు వాడే ఒక విదేశీ మొక్క. ఆన్‌లైన్‌లో ‘ఔషధ సేజ్ కాంబో’ అంటూ ఒక మొక్క, ఎండు ఆకు పొట్లం, చిన్న నూనె సీసా కలిపి అమ్ముతున్నారు. ఆ నూనెను రోజూ పరగడుపున గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో 3 చుక్కలు వేసుకుని తాగమని ప్రోడక్ట్ పేజీలో రాశారు. దయచేసి తాగకండి. ఇప్పటికే కొని ఉంటే సీసాను పిల్లలకు అందకుండా పెట్టండి. మిగతాది తీరిగ్గా చదవొచ్చు.

చలికాలం వస్తే మా అమ్మకు గొంతు పట్టేస్తుంది. జర్మనీలో ఉండే మా వదిన సెలవులకు వస్తూ సేజ్ ఆకు తెచ్చింది. అక్కడ మందుల షాపుల్లోనే దొరుకుతుంది. దాని కషాయంతో పుక్కిలిస్తే అమ్మకు హాయిగా అనిపించింది. ఆకు అయిపోయాక, ఇంట్లోనే మొక్క పెంచుకుందామని ఈ కాంబో తెప్పించాం.

పార్సిల్ విప్పితే మొక్క చూసి నవ్వొచ్చింది. పార్కుల్లో, ఆఫీసుల ముందు కుండీల్లో చలికాలం ఎర్రగా పూస్తుంది చూశారా, ఆ సాల్వియా. బ్రెజిల్ నుంచి వచ్చిన అలంకరణ మొక్క, శాస్త్రీయ నామం సాల్వియా స్ప్లెండెన్స్. అందానికి వంక పెట్టలేం గానీ గొంతు నొప్పికి వాడే మొక్క అది కాదు. చాట్‌లో అడిగితే వచ్చిన జవాబు: “ఇదీ సాల్వియానే మేడమ్, గూగుల్ చేసుకోండి.”

ఆ మాట అబద్ధం కాదు. కిటుకంతా అక్కడే ఉంది. తులసి, పుదీనాల కుటుంబంలో సాల్వియా చాలా పెద్ద ప్రజాతి, దాదాపు వెయ్యి జాతులున్నాయి. మనం నానబెట్టుకు తాగే చియా గింజలు ఇచ్చేది కూడా ఒక సాల్వియానే. 2017లో రోజ్‌మేరీని సైతం ఇందులోకి చేర్చారు. ఆ లెక్కన రేపు రోజ్‌మేరీ కొమ్మ పంపించి కూడా ఇదే జవాబు చెప్పొచ్చు! అసలు సేజ్ శాస్త్రీయ నామం సాల్వియా అఫిసినాలిస్. అందుకే పేజీలో ‘సాల్వియా అఫిసినాలిస్’ అని రెండు మాటలూ ఉన్నాయో లేదో చూడండి. ఒట్టి సాల్వియా, ఒట్టి సేజ్ అని ఉంటే కొనకండి.

మొక్క చేతికొచ్చాక ఆకు చూస్తే తెలిసిపోతుంది. అసలు సేజ్ ఆకు బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో, కోలగా ఉంటుంది. పైన సన్నని నూగు, దగ్గరగా చూస్తే చిన్న చిన్న గతుకులు. వేళ్ళతో రాస్తే ఉతికి ఉతికి పల్చబడ్డ టర్కీ టవల్ తగిలినట్టుంటుంది. నలిపితే కర్పూరం కలిసిన ఘాటు వాసన గుప్పున వస్తుంది. మాకొచ్చిన దాని ఆకు నిగనిగలాడే పచ్చ, అంచుల్లో రంపపు పళ్ళు, నలిపితే పచ్చి వాసన తప్ప ఏమీ లేదు. కాండం పలకలుగా ఉందా అని చూసి లాభం లేదు, తులసికీ అలాగే ఉంటుంది. పువ్వు కోసి చూసినా అంతే. బాటనీ చదివినవాళ్ళకు ఆ లీవర్ గుర్తుండే ఉంటుంది: తేనెటీగ తల దూర్చగానే కేసరం కిందికి వంగి దాని వీపుకి పుప్పొడి అద్దుతుంది. చూడముచ్చటైన ఏర్పాటే గానీ, చాలా సాల్వియాల్లో ఉంటుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు.

ఇంకో మాట. అసలు సేజ్ మధ్యధరా తీరపు మొక్క. ఎండ కావాలి, వేళ్ళ దగ్గర నీళ్ళు నిలవకూడదు. మన వానాకాలంలో కుళ్ళిపోవడం మామూలే. ‘ఎక్కడైనా, ఏడాదంతా గుబురుగా పెరుగుతుంది’ అని రాస్తే నమ్మకండి.

ఎండు ఆకు విషయంలో మరీ కోపం లేదు. చాలా ఆకుల మొదట్లో చెవుల్లాంటి చిన్న తమ్మెలు కనిపించాయి. అవి గ్రీసు, టర్కీల్లో టీకి వాడే సాల్వియా ఫ్రూటికోసా గుర్తులు. మంచి ఆకే, కాకపోతే లేబుల్ మీద పేరు వేరు. అంతకంటే పెద్ద లోపం, పొట్లం మీద 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరే లేదు.

ఇక నూనె. సేజ్ నూనెలో థుజోన్ అనే పదార్థం ఉంటుంది. మోతాదు మించితే నరాల మీద పనిచేసి ఫిట్స్ తెప్పిస్తుంది. నూనె మింగి ఫిట్స్ వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి, వాళ్ళలో పసిపిల్లలూ ఉన్నారు. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ సేజ్ ఆకును సంప్రదాయ వాడకం కింద ఒప్పుకుంది: గొంతు, నోటి వాపులకు, అతి చెమటకు, కడుపుబ్బరానికి. అలా వాడేటప్పుడు కూడా థుజోన్ రోజుకు 6 మిల్లీగ్రాములు దాటకూడదంది. ఇప్పుడు లెక్క వేయండి. చుక్క నూనె 40 మిల్లీగ్రాములు అనుకుంటే 3 చుక్కలు 120. డాల్మేషియన్ సేజ్ నూనెలో (అసలు సేజ్ నూనెకే ఆ పేరు) థుజోన్ తక్కువలో తక్కువ 20 శాతం వేసుకున్నా 24 మిల్లీగ్రాములు. పరగడుపునే నాలుగు రెట్లు! తమాషా ఏంటంటే, సీసా వెనక చీమ తలకాయంత అక్షరాలతో ‘ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ’ అని ఉంది. పేజీలోనేమో తాగమంటారు. రేపు ఏదైనా అయితే ఏది చూపించి తప్పించుకుంటారో వేరే చెప్పాలా?

పుక్కిలించడానికి ఆకు చాలు. రెండున్నర గ్రాముల ఎండు ఆకు మీద 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్ళు పోసి, మూతపెట్టి, వడకట్టి, గోరువెచ్చగా అయ్యాక వాడాలి. గర్భిణులు, బాలింతలు, ఫిట్స్ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా సేజ్ టీ తాగొద్దు. ఐరోపాలో పాలు తగ్గించడానికి ఈ ఆకు వాడే అలవాటు ఎప్పటి నుంచో ఉంది, కాబట్టి బిడ్డకు పాలిచ్చే తల్లికి ‘హెర్బల్ టీనే కదా’ అని ఇచ్చేయకండి.

అదే అమ్మకందారు ‘రెడ్ సేజ్’ వేర్లు కూడా అమ్మకానికి పెట్టాడు. అది చైనా వైద్యంలోని దాన్‌షెన్, వేరే జాతి. గుండె జబ్బుకు వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వేసుకునేవాళ్ళు దాన్ని అస్సలు ముట్టకూడదు, రక్తస్రావం కావచ్చు.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీశాం కాబట్టి మొక్క డబ్బులు వెనక్కి వచ్చాయి. నూనె ‘సీల్ తీస్తే వాపసు లేదు’ అన్నారు. ఆ డబ్బు పోతే పోయింది, పేజీలో తాగమన్న ముక్క తీసేయమని అడిగితే చాట్ క్లోజ్ చేశారు. సీసా ఫోటో, పేజీ స్క్రీన్‌షాట్ పెట్టి కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాం. నంబర్ 1915. మీరూ కొని ఉంటే పేజీ మార్చేసేలోపు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని అక్కడ ఫిర్యాదు చేయండి. ఇది రాసే సమయానికి ఆ 3 చుక్కల సలహా పేజీలో అలాగే ఉంది.