మా అమ్మాయికి ఈటింగ్ డిజార్డర్ చికిత్స: ఒక డే ప్రోగ్రామ్‌పై తల్లిగా నా సమీక్ష

మా అమ్మాయికి పదిహేనో ఏట అనోరెక్సియా, అంటే బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేసే జబ్బు, ఉందని తేలింది. ఆ తరువాత 14 నెలల పాటు ఒకే చికిత్సా కేంద్రం చుట్టూ తిరిగాము. మొదటి 12 వారాలు డే ప్రోగ్రామ్, అంటే ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేయడం. ఆ తరువాత వారానికొకసారి, చివరికి నెలకొకసారి కుటుంబమంతా కలిసి హాజరయ్యే చికిత్స. అమ్మాయిని ఎవరూ గుర్తుపట్టకూడదన్న ఉద్దేశంతో కేంద్రం పేరు రాయడం లేదు. అక్కడ జరిగిన మంచిని, జరిగిన పొరపాటును మాత్రం దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి చోటికి మొదటిసారి వెళ్లే తల్లిదండ్రులకు ఏం అడగాలో కూడా తెలియదు. మాకూ తెలియలేదు.

అంతకు ముందు మేము చూపించిన వైద్యుడు, బరువు మరీ ప్రమాదకరంగా ఏమీ తగ్గలేదని, ఈ వయసు పిల్లల్లో ఇది మామూలేనని చెప్పి పంపించారు. ఈ కేంద్రంలో తొలిరోజు చేసిన పని వేరు. కౌన్సెలింగ్ మొదలుపెడతారేమోనని నేను కూర్చుని ఉంటే, వారు ముందుగా అమ్మాయిని పడుకోబెట్టి నాడి, రక్తపోటు చూశారు, లేచి నిలబడ్డాక మళ్లీ చూశారు. ఈసీజీ తీశారు, రక్తపరీక్షలకు పంపారు. చూడటానికి ఎంత సన్నగా ఉన్నారన్నది ఒక్కటే కొలత కాదని, తక్కువ కాలంలో ఎక్కువ బరువు కోల్పోయిన పిల్లలకు మామూలు బరువులోనే గుండె వేగం పడిపోవచ్చని డాక్టరుగారు వివరించారు. మా అమ్మాయి గుండె వేగం అప్పటికే పడిపోయింది. నెలల తరబడి ఆ పిల్ల చేతులు చల్లగా ఉంటే నేను స్వెట్టర్లు తొడిగిస్తూ వచ్చాను తప్ప, అది శరీరం తన ఖర్చును తగ్గించుకుంటున్న లక్షణమని ఊహించలేదు.

కడుపు మాడిన పిల్లకు తిండి పెట్టడంలో ప్రమాదం ఏముంటుందని కూడా అనుకునేదాన్ని. చాలాకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా ఆహారం అందితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం వంటివి వేగంగా పడిపోవచ్చని, దాని వల్ల గుండె లయ తప్పే ప్రమాదం ఉందని, దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారని అక్కడే తెలుసుకున్నాను. మొదటి పది రోజులు వారు రక్తపరీక్షలు తరచుగా చేస్తూ ఆహారాన్ని మెట్లుమెట్లుగా పెంచారు. ఈ జాగ్రత్త ఒక్కదానికే ఆ కేంద్రానికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

తల్లిదండ్రుల కోసం వారు పెట్టిన తరగతుల్లో ఒకటి నా ఆలోచనను పూర్తిగా మార్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టారు. తమ ఇష్టంతో ముందుకు వచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాల పాటు సగం కడుపుకే ఆహారం పెట్టారు. ఆ మనుషులు వంటల పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు, ప్లేటులో ఉన్న కొద్దిపాటి తిండిని ముక్కలు చేస్తూ గంటల తరబడి కూర్చున్నారు, చిన్న మాటకే చిరాకుపడ్డారు, స్నేహితులకు దూరమయ్యారు. వారిలో ఎవరికీ ముందు ఏ మానసిక జబ్బూ లేదు. ఆ వివరాలు వింటున్నప్పుడు, రాత్రి పన్నెండు దాటాక దుప్పటి కింద ఫోనులో వంటల వీడియోలు చూస్తూ దొరికిపోయిన నా కూతురే కళ్ల ముందు కనిపించింది. నేను మొండితనం అనుకున్నది, నటన అనుకున్నది, చాలావరకు ఆకలి చేస్తున్న పని. కాబట్టి మనసు బాగుపడితే తింటుందిలే అని ఎదురుచూడకూడదని, ముందు తింటేనే మనసు తెరిపిన పడుతుందని వారు చెప్పిన మాట నాకు అప్పుడు అర్థమైంది.

వారు పాటించిన పద్ధతి 1980లలో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న కుటుంబ ఆధారిత చికిత్స. ఇందులో జబ్బుకు కారణం ఎవరని వెతకరు. మొదటి దశలో భోజనం బాధ్యత పూర్తిగా తల్లిదండ్రులదే, రెండో దశలో ఆ బాధ్యతను కొద్దికొద్దిగా పిల్లలకు తిరిగి అప్పగిస్తారు, మూడో దశలో ఆ వయసుకు సహజమైన మిగతా విషయాలను మాట్లాడుకుంటారు. రెండో సెషన్‌లోనే ఇంటి నుంచి భోజనం తెచ్చుకుని థెరపిస్టు ఎదుట అందరం కలిసి తినాలి. ఆ రోజు అమ్మాయి ప్లేటును రెండు వేళ్లతో మెల్లగా అవతలికి నెట్టి, గోడకేసి చూస్తూ కూర్చుంది. తినకపోతే ఎముకలు ఏమవుతాయో మావారు పది నిమిషాలు వివరించారు. నేను బతిమాలాను. మా చిన్నవాడు తల వంచుకుని తన ప్లేటు ఖాళీ చేశాడు. అప్పటిదాకా మౌనంగా చూస్తున్న థెరపిస్టు, “వాదించి ఒప్పించాల్సిన పని లేదండీ, మీరు వాదిస్తున్నది అమ్మాయితో కాదు, జబ్బుతో. ఇద్దరూ లేచి ఆమెకు చెరోపక్క కూర్చోండి, ఒకే మాట చెప్పండి” అన్నారు. మేము వెళ్లి కూర్చున్నాము. “ఇంకొక్క ముద్ద తీసుకో అమ్మా” అని మాత్రం అన్నాము, మళ్లీ అదే అన్నాము. ఎంతసేపటికో చెంచా ప్లేటుకు తగిలిన చప్పుడు వినిపించింది. ఏడుస్తూనే తిన్నది. తిన్నాక నా భుజం మీద తల వాల్చింది. అలా వాల్చి అప్పటికి ఏడాది దాటింది.

డే ప్రోగ్రామ్‌లో భోజనాల గది నిర్వహణ చక్కగా ఉంది. సిబ్బంది కూడా పిల్లల మధ్యే కూర్చుని అదే భోజనం చేసేవారు. కేలరీల లెక్కలు, బరువు, డైటింగ్ గురించిన మాటలు బల్ల దగ్గర ఎవరూ ఎత్తకూడదన్న నియమం సిబ్బందికి కూడా వర్తించేది. భోజనం తరువాత గంటసేపు ఎవరూ ఒంటరిగా బాత్‌రూముకు వెళ్లకుండా, అందరూ బొమ్మలు వేస్తూనో పేకాడుతూనో కలిసి ఉండేవారు.

ఇక లోపాలు. బరువు చూసే యంత్రం మొదట్లో నడవాలో ఉండేది. వరుసలో నిలబడిన పిల్లలు ఒకరి అంకె ఒకరు చూసుకునేవారు. అంకెలే ప్రాణంగా బతుకుతున్న పిల్లలకు ఇది ఎంత హాని చేస్తుందో వారికి ఎవరూ చెప్పనక్కర లేదు. రెండుసార్లు రాతపూర్వకంగా అడిగాక తలుపున్న గదిలోకి మార్చారు. ఇది చిన్న విషయం, సరిదిద్దారు కూడా.

పెద్ద పొరపాటు వేరే ఉంది. నిర్ణయించిన బరువు చేరిన వారంలోనే, నాలుగు రోజుల ముందు చెప్పి, అమ్మాయిని డే ప్రోగ్రామ్ నుంచి పంపించివేశారు; బడిలో మధ్యాహ్న భోజనం తనంతట తానే చేయవచ్చని కూడా అప్పుడే అన్నారు. మూడు వారాలు గడిచాక బడి సంచీ జిప్పు అరలో, టిష్యూ కాగితాల్లో చుట్టిన తిండి పొట్లాలు ఐదు బయటపడ్డాయి. మిన్నెసోటా యువకులకు మళ్లీ కడుపునిండా తిండి దొరికాక కూడా మామూలు మనుషులు కావడానికి నెలలు పట్టిందని మాకు చెప్పింది ఈ కేంద్రమే. శరీరం కోలుకున్న చాలాకాలానికి గానీ మనసు కోలుకోదని తెలిసిన చోట, యంత్రం చూపిన అంకెను బట్టి పంపించివేయడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. నేను ఫోను చేసిన మరుసటి రోజే మమ్మల్ని పిలిచి, తొందరపడ్డామని ఒప్పుకుని, తిరిగి మొదటి దశకు తీసుకువెళ్లారు. ఈసారి రెండో దశ ఐదు నెలలు సాగింది: మొదట ఒక చిరుతిండి, తరువాత ఒక పూట భోజనం, ఆ తరువాత స్నేహితులతో బయట తినడం. ఆ క్షమాపణ నిజాయితీగా ఉంది కాబట్టే అక్కడ కొనసాగాము.

ఈ చికిత్స అందరికీ సరిపోదు. తల్లిదండ్రుల్లో ఒకరైనా పని మానుకుని రోజూ ప్రతి పూటా పక్కన కూర్చోవలసి ఉంటుంది. నేను దీర్ఘకాలిక సెలవు పెట్టాను, ఆ వీలు లేని కుటుంబాలకు కేంద్రం చూపించిన ప్రత్యామ్నాయం ఏమీ లేదు. ఇంట్లో హింస ఉన్న పిల్లలకు ఈ పద్ధతి తగదు. పెద్దవారికి, ముఖ్యంగా బులీమియా (అతిగా తిని, ఆ తరువాత వాంతి చేసుకోవడం వంటివాటితో దాన్ని వదిలించుకోవాలని చూసే జబ్బు) ఉన్నవారికి, అక్కడే 20 వారాల్లో 20 సెషన్లుగా నడిచే ప్రత్యేకమైన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడానికి సాయపడే మానసిక చికిత్స) ఉంది గానీ దాని గురించి చెప్పేంత అనుభవం నాకు లేదు. ఎక్కడ చేరినా, పంపించేటప్పుడు బరువుతో పాటు ఇంకేం చూస్తారో, జబ్బు తిరగబెడితే ఎన్ని రోజుల్లో మళ్లీ చేర్చుకుంటారో చేరేరోజే రాయించుకోండి. మేము రెండోసారి రాయించుకున్నాము. ఆ కాగితం మీద మా ఇద్దరి సంతకాలతో పాటు అమ్మాయి సంతకం కూడా ఉంది.