బండి ట్యాంకులోకి ఇథనాలా, ఐసోబ్యుటనాలా?

రెండూ ఆల్కహాల్సే. ఇథనాల్‌లో రెండే కార్బన్లు. ఐసోబ్యుటనాల్‌లో నాలుగు, పైగా గొలుసు కొమ్మలా చీలి ఉంటుంది.

మైలేజీ: లీటరు ఇథనాల్ ఇచ్చే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. ఐసోబ్యుటనాల్‌ది 80 శాతం పైమాటే.

నీళ్లు: అసలు తేడా ఇక్కడే. ఇథనాల్ నీళ్లలో ఎంతైనా కలిసిపోతుంది. ట్యాంకులో తేమ ఎక్కువైతే పెట్రోల్‌ని వదిలేసి నీళ్లతో పాటు అడుగుకు దిగుతుంది, బండి మొరాయిస్తుంది. ఐసోబ్యుటనాల్ లీటరు నీళ్లలో 85 గ్రాముల దాకే కరుగుతుంది. గ్లాసులో అంతకు మించి పోసి చూస్తే పైన వేరే పొరగా తేలుతుంది.

ఖర్చు: ఇథనాల్‌దే పైచేయి. చెరకు, నూకలు, మొక్కజొన్న, ఏదైనా సరే, ఈస్ట్‌తో పులియబెట్టి తీయొచ్చు. ఐసోబ్యుటనాల్ అయితే, పులిసే ద్రవంలో కొద్ది శాతం చేరేసరికే ఈస్ట్ నీరసిస్తుంది, అందుకే ధర దిగిరాదు.

డీజిల్: ఇథనాల్ సరిగా కలవదు. ఐసోబ్యుటనాల్ కలుస్తుంది, కానీ దాని ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత) 28 డిగ్రీల సెల్సియసే. మన ఎండల్లో నిల్వ అంటే టెన్షనే.

రోజూ తిరిగే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) బండికి ఇథనాల్ చాలు. నెలల తరబడి పక్కన పడుండే జనరేటర్‌కీ, పడవ ఇంజిన్‌కీ ఐసోబ్యుటనాలే నయం. రంగుల ఫ్యాక్టరీకైతే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, ద్రావకంగా ఐసోబ్యుటనాల్‌ని ఎప్పటినుంచో వాడుతూనే ఉన్నారు.