ఏడు రాత్రుల పశ్చిమ కరీబియన్ క్రూజ్: ఇద్దరికి గిట్టుబాటేనా?

మియామీలో ఎక్కించుకుని, కోజుమెల్, కోస్టా మాయా, రొవాటాన్, గ్రాండ్ కేమన్ చుట్టి, మళ్లీ మియామీలోనే దించే ఏడు రాత్రుల క్రూజు చాలా పెద్ద కంపెనీల దగ్గర ఉంటుంది. రేవుల వరస మారవచ్చు, ఒక్కోసారి ఒక రేవు తగ్గి సముద్రంలో ఒక రోజు పెరగవచ్చు. మిగతాదంతా దాదాపు ఒకటే. కాబట్టి ఈ సమీక్ష ఏదో ఒక షిప్పు మీద కాదు, ఆ మార్గం మీద. సముద్రానికీ పగడపు దిబ్బలకీ పూర్తి మార్కులు. ప్రకటనలో వేసే ధరకి మాత్రం సగం మార్కులే.

లెక్క చూడండి. ఎక్కిన మధ్యాహ్నం నుంచి దిగే పొద్దుటి వరకు మొత్తం 160 గంటలకు పైచిలుకు. నాలుగు రేవుల్లో కలిపి నేల మీద ఉండేది 28 నుంచి 30 గంటలు. డబ్బు పోసి కొనేది క్యాబిన్ అనిపిస్తుంది కానీ, అసలు సరుకు ఆ 30 గంటలే. వాటిని తినేసే పొరపాట్లు నాలుగైదు ఉన్నాయి. అవి తెలిసిన జంటకి ఈ ప్రయాణం గిట్టుబాటే.

ముందు డబ్బు సంగతి. ప్రకటనలో కనిపించే ధర మనిషికి, అదీ ఒక క్యాబిన్లో ఇద్దరు ఉంటారన్న లెక్కన. దాని మీద పన్నులు, రేవు రుసుములు వేరే. రోజువారీ టిప్పు మనిషికి 16 నుంచి 20 డాలర్ల దాకా ఉంటుంది, అంటే ఇద్దరికి ఏడు రోజులకు 224 నుంచి 280 డాలర్లు. వైఫై, సోడా, స్పెషల్ రెస్టారెంట్లు, స్పా అన్నిటికీ వేరే డబ్బే. స్పా బిల్లు మీద మళ్లీ 18 నుంచి 20 శాతం సర్వీసు ఛార్జీ పడుతుంది.

జంటలు ఎక్కువగా దెబ్బతినేది డ్రింక్స్ ప్యాకేజీ దగ్గర. రోజుకి 70 డాలర్లు అనుకుందాం. 18 శాతం సర్వీసు కలిపితే 82.60. ఇద్దరికి ఏడు రోజులకి 1,156 డాలర్లు. విడిగా కొంటే 14 డాలర్ల కాక్‌టెయిల్ సర్వీసుతో కలిపి 16.52 పడుతుంది. అంటే ప్యాకేజీ గిట్టాలంటే ఒక్కొక్కరూ రోజుకి ఐదు తాగాలి, అదీ ఏడు రోజులూ. ఏడింట్లో నాలుగు రోజులు పగలంతా రేవుల్లో తిరుగుతారు, అక్కడ తాగినదానికి మళ్లీ జేబులోంచే ఇవ్వాలి. పైగా ఒక క్యాబిన్లో ఉన్న పెద్దవాళ్లంతా కొంటేనే ప్యాకేజీ ఇస్తామన్న నిబంధన చాలా కంపెనీల్లో ఉంది. ఇద్దరిలో ఒకరు తాగనివాళ్లయితే అది చేతి చమురు వదిలించుకోవడమే. విడివిడిగా కొనుక్కుని, ఆ మిగిలిన డబ్బుతో రేవుల్లో మంచి పడవ మాట్లాడుకోండి.

క్యాబిన్ విషయంలో బాల్కనీయా, లోపలి గదా అని ఆలోచించేముందు ఆ గది షిప్పులో ఎక్కడ ఉందో చూడండి. షిప్పు మధ్యలో, కింది డెక్కుల్లో ఊపు తక్కువ. ముక్కు దగ్గర, పై డెక్కుల్లో ఎక్కువ. కడుపులో తిప్పే తత్వం ఉన్నవాళ్లకి పైన ముందువైపున్న ఖరీదైన బాల్కనీ కన్నా కింద మధ్యలో ఉన్న చవక గది మేలు. డెక్ ప్లాన్ తీసి ఆ గదికి పైన, కింద ఏముందో కూడా చూడాలి. పైన ఈత కొలను డెక్కు ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు. కింద థియేటరు ఉంటే అర్ధరాత్రి దాకా డ్రమ్ములు. పైనా కిందా కూడా క్యాబిన్లే ఉన్న డెక్కు తీసుకుంటే పీడా పోతుంది. పక్కగదికి లోపలి తలుపు ఉండే కనెక్టింగ్ క్యాబిన్ వద్దు, అవతలివాళ్ల దగ్గు కూడా వినిపిస్తుంది. క్యాబిన్ గోడలు చాలావరకు ఉక్కువే కాబట్టి నాలుగు అయస్కాంతపు కొక్కేలు పట్టుకెళ్లండి. తడి బట్టలు, టోపీలు, బ్యాగులు వేలాడదీస్తే ఆ చిన్న గదిలో నడవడానికి దారి మిగులుతుంది. ఇస్త్రీపెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ప్లగ్గు బోర్డు మాత్రం ఎక్కేచోటే తీసేసుకుంటారు.

ఇక గడియారం. రేవుల్లో షిప్పు తప్పిపోయేవాళ్లలో కొందరు ఆలస్యంగా బయల్దేరినవాళ్లు కారు, ఫోన్ని నమ్మినవాళ్లు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మియామీ గడియారం గంట ముందుకు జరుగుతుంది. కోజుమెల్, కోస్టా మాయా ఉన్న మెక్సికోలోని కింతానా రూ రాష్ట్రంలో ఆ పద్ధతి లేదు, కేమన్ దీవుల్లోనూ లేదు. హోండురస్‌కి చెందిన రొవాటాన్ వాటికన్నా ఇంకో గంట వెనక. షిప్పు మియామీ టైమే పాటిస్తోందనుకోండి. జూలైలో కోజుమెల్‌లో దిగగానే ఫోను తనంతట తానే గంట వెనక్కి వెళ్తుంది, రొవాటాన్‌లో అయితే రెండు గంటలు. షిప్పు టైము ప్రకారం 4:30కల్లా అందరూ ఎక్కాలి. మీ ఫోన్లో 3:30 అయింది. ఇంకో గంట ఉందిలే అని కొబ్బరినీళ్లు చెప్పారు. అక్కడ నిచ్చెన లాగేస్తున్నారు. చలికాలంలో ఈ తంటా రొవాటాన్‌లో మాత్రమే, మిగతా చోట్ల టైము కలుస్తుంది.

దీనికి మందు చవకే. ఇద్దరిలో ఒకరు మామూలు ముళ్ల వాచీ పెట్టుకుని దాన్ని షిప్పు టైముకి పెట్టాలి. ఫోన్లో టైమ్ జోన్ తనంతట తాను మారే సెట్టింగు ఆపేయాలి. కొన్ని షిప్పులు రేవుని బట్టి తమ టైమే మార్చుకుంటాయి, ముందురోజు రాత్రి వచ్చే కార్యక్రమాల కాగితంలో ఆ మాట ఉంటుంది. ఫోన్ని ఎక్కినప్పుడే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే సముద్రం మధ్యలో షిప్పు టవరు పట్టుకుని, మామూలు రోమింగ్ ప్యాకుల్లోకి రాని రేటుతో బిల్లు వేస్తుంది.

షిప్పు వాళ్ల టూరుకి వెళ్తే బస్సు ఆలస్యమైనా షిప్పు ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకి వాళ్లే చేరుస్తారు. సొంతంగా వెళ్తే ఆ పూచీ లేదు. అయితే షిప్పు టూరు ఖరీదు ఎక్కువ, గుంపు ఎక్కువ. దూరం వెళ్లే చోట షిప్పు టూరు, దగ్గర్లో తిరిగే చోట సొంతం అన్న పద్ధతి ఈ నాలుగు రేవులకీ సరిపోతుంది.

గ్రాండ్ కేమన్‌లో జార్జ్ టౌన్ దగ్గర క్రూజు షిప్పులు కట్టడానికి రేవుకట్ట లేదు. దూరంగా లంగరు వేసి టెండర్ పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. పడవ ప్రయాణం పది, పదిహేను నిమిషాలే, దానికోసం నిలబడేదే ఎక్కువ. టూర్లకి వెళ్లేవాళ్లని ముందు పంపిస్తారు, మిగతావాళ్లు టోకెన్ తీసుకుని కూర్చోవాలి. సొంతంగా తిరగాలనుకుంటే పొద్దున్నే టోకెన్ తెచ్చుకుని ఆ తర్వాత టిఫిన్ చేయండి. చలికాలంలో వాయవ్యం నుంచి అలలు లేస్తే జార్జ్ టౌన్ వైపు దించలేరు. దక్షిణాన ఉన్న స్పాట్స్ అనే చోటికి మారుస్తారు, లేదా రేవే రద్దు చేస్తారు. వెనక్కి వచ్చేటప్పుడు చిట్టచివరి టెండర్ కోసం ఆగొద్దు, ఆ వరస ఎండలోనే ఉంటుంది.

కేమన్‌లో చూడాల్సింది ఒక్కటంటే స్టింగ్రే సిటీ. నార్త్ సౌండ్‌లో నడుము నుంచి రొమ్ము దాకా వచ్చే నీళ్లలో ఇసుక దిబ్బ. ఒకప్పుడు జాలర్లు అక్కడ చేపలు కోసి వ్యర్థాలు పారేసేవాళ్లు, ఆ రుచి మరిగి స్టింగ్రే అనే చదునైన చేపలు చేరాయి. దిగాక అడుగు ఎత్తి వేయకుండా ఇసుకలో పాదం ఈడ్చుకుంటూ నడవాలి. ముల్లు ఉండేది తోకమీద. కాలు తగిలితే చేప జరిగిపోతుంది, పైనుంచి తొక్కితేనే పొడుస్తుంది. చేప కళ్లు పైన, నోరు అడుగున. మేత ఇచ్చేటప్పుడు బొటనవేలు లోపలికి మడిచి అరచెయ్యి చదునుగా పెడితే, అది చెయ్యి మీదుగా జారి మేతని పీల్చుకుపోతుంది. అడుగుభాగం తడి మఖమల్‌లా ఉంటుంది. నీళ్లలోంచి పైకి ఎత్తడం అక్కడి చట్టం ప్రకారం నేరం, ఫొటో కోసం ఎవరైనా ఎత్తుతానన్నా వద్దనండి. ఆ రోజు మూడు నాలుగు షిప్పులు వచ్చి ఉంటే మధ్యాహ్నానికి ఆ దిబ్బ సంతలా తయారవుతుంది, కాబట్టి దొరికినంతలో మొదటి పడవ పట్టండి.

కేమన్ దుకాణాల్లో ఇంకో చిక్కుంది. ధర చీటీ మీద 40 అని ఉంటే అది కేమన్ డాలర్. ఒక కేమన్ డాలర్ అంటే అధికారికంగా 1.20 అమెరికా డాలర్లు, దుకాణాల్లో సాధారణంగా 1.25 లెక్క కడతారు. ఆ 40 మీకు 50. నోటు ఇస్తే చిల్లర కేమన్ డబ్బుల్లోనే వస్తుంది, అది బయట ఎక్కడా చెల్లదు. ఇక్కడ కార్డు గీకడమే మేలు. మెక్సికోలో మాత్రం కార్డు మిషను పెసోలా, డాలర్లా అని అడిగితే పెసోలే నొక్కాలి. డాలర్లు నొక్కితే మార్పిడి రేటు వాళ్లిష్టం.

కోజుమెల్ ఈ నాలుగింట్లో జంటలకి అన్నిటికన్నా నప్పే రేవు. ద్వీపానికి పడమటి వైపున, గాలి మరుగున, నీళ్లు అద్దంలా ఉంటాయి. పలంకార్ పగడపు దిబ్బల దగ్గర ప్రవాహానికి ఎదురీదకుండా దాంతోపాటు తేలిపోవడమే పద్ధతి. పడవ ఒకచోట దించి, మీరు కొట్టుకుపోయినచోట ఎక్కించుకుంటుంది. ఈత అంతంతమాత్రం వచ్చినవాళ్లు లైఫ్ జాకెట్ వేసుకుంటే చాలు. నీళ్లలో చూడ్డానికి పెట్టుకునే అద్దె మాస్కు తీసుకునేముందు పరీక్షించండి: పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చాలి, చెయ్యి తీసినా మాస్కు పడిపోకపోతే అది మీ ముఖానికి సరిపోయినట్టు. అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీళ్లు కారతాయి, మీసాలున్నవాళ్లకి ఈ బాధ తప్పదు, అంచుకి కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే తగ్గుతుంది. సన్‌స్క్రీన్ పులుముకోవడం కన్నా చేతులు నిండుగా ఉండే ఈత చొక్కా వేసుకుంటే పగడాలకీ మంచిది, వీపుకీ మంచిది.

కోజుమెల్ నుంచి, ప్రాచీన మాయా నాగరికత శిథిలాలున్న అవతలి ఒడ్డు తులుమ్‌కి వెళ్లిరావాలనే ఆలోచన మానుకోండి. ముప్పావు గంట ఫెర్రీ, ఆపైన గంట బస్సు, మళ్లీ అంతా వెనక్కి. ఆ ఫెర్రీ ఊపులో సగంమంది కవర్లు పట్టుకుని కూర్చుంటారు. మాయా శిథిలాలే కావాలంటే ద్వీపంలోనే సాన్ హెర్వాసియో ఉంది. ఇష్చెల్ దేవతకి మాయా స్త్రీలు సంతానం కోసం మొక్కుకోవడానికి సముద్రం దాటి వచ్చిన చోటు అది. కట్టడాలు చిన్నవే, గుంపు మాత్రం ఉండదు.

రొవాటాన్‌లో వెస్ట్ బే తీరం దక్షిణపు కొసన పగడపు దిబ్బ ఒడ్డునుంచి ఈదుకెళ్లేంత దగ్గర, పడవ అక్కర్లేదు. టాక్సీ మాట్లాడేటప్పుడు మనిషికా, బండికా, ఒకవైపా, రానూపోనూ అన్నది ముందే తేల్చుకోండి, వెనక్కి తెచ్చి దించాకే డబ్బు ఇవ్వండి. గాలి లేని రోజు ఇసుకలో కంటికి ఆనని ఈగలు మడమల్ని కుడతాయి, దురద మర్నాటికి గాని బయటపడదు. కాళ్లకి దట్టంగా నూనె రాస్తే అందులో అంటుకుపోతాయి.

కోస్టా మాయాకి తక్కువ మార్కులే. క్రూజుల కోసమే కట్టిన రేవు, బహిరంగ సముద్రానికి ఎదురుగా ఉంటుంది కాబట్టి గాలి లేస్తే ముందుగా రద్దయ్యేది అదే. వసంతం నుంచి వేసవి దాకా ఒడ్డంతా సార్గాసం నాచు కుళ్లి కోడిగుడ్డు వాసన కొట్టే రోజులూ ఉంటాయి. అక్కడ తీరానికి కాక, లోపలికి చక్చోబెన్ శిథిలాలకి షిప్పు టూరులో వెళ్లడమే తెలివైన పని.

రేవు రద్దయితే వెనక్కి వచ్చేది ఆ రేవు పన్నులు, రుసుములే. టికెట్టు డబ్బులో వాటా రాదు. తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, ఉధృతి ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య. ఆ నెలల్లో ధర ఎందుకు తగ్గుతుందో వేరే చెప్పక్కర్లేదు. షిప్పు మునగదు, దారి మారుతుంది. కేమన్ కోసం ఎక్కినవాళ్లు బహామాస్‌లో దిగవచ్చు.

షిప్పులో తిండి బాగానే ఉంటుంది. కాకపోతే ఇద్దరికని ఇచ్చే టేబుళ్లు వరసగా, మధ్య బెత్తెడు సందుతో వేసి ఉంటాయి, పక్కవాళ్ల కబుర్లన్నీ మీవే. కిటికీ పక్కన మూల టేబుల్ కావాలంటే ఎక్కిన రోజే రెస్టారెంట్ పెద్దాయన్ని అడగాలి. బఫేకి వెళ్లేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. గుమ్మం దగ్గర పోసే శానిటైజర్, వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్ మీద అంతగా పనిచేయదు. వాంతుల మాత్ర ఊపు మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు, గంట ముందే పడాలి.

గాలి సిలిండరుతో నీళ్ల అడుగుకి డైవింగ్ చేసేవాళ్లు ఆఖరి రేవు ఏదో చూసుకోవాలి. ఒకటికి మించి డైవులు చేస్తే విమానం ఎక్కేలోపు కనీసం 18 గంటలు గడవాలి. ఎలాగూ దిగేరోజు విమానం మధ్యాహ్నం తర్వాతే తీసుకోండి, ఇమ్మిగ్రేషన్ వరస ఎంతసేపు పడుతుందో షిప్పు వాళ్ల చేతిలో ఉండదు. ముందురోజు రాత్రి పెట్టెలు చీటీ కట్టి గుమ్మం బయట పెట్టమంటారు. బిల్లు ఆ రాత్రే యాప్‌లో సరిచూసుకోండి, పొద్దున్న కౌంటరు దగ్గర అడుగు పెట్టలేరు. పాస్‌పోర్టులు, మందులు, మర్నాటికి ఒక జత బట్టలు, చెప్పులతో సహా, చేతిసంచిలో ఉంచుకున్నారో లేదో చూసుకున్నాకే పెట్టె జిప్పు వేయండి. ప్యాంట్లన్నీ పెట్టెలో సర్దేసి పొద్దున్నే నైట్‌డ్రెస్‌తో మియామీలో దిగేవాళ్లు ప్రతి ట్రిప్పులోనూ కనిపిస్తారు.