గట్టు కింద ఫ్రిజ్ పెట్టించుకునేవాళ్లు గ్రానైట్ వేయకముందే ఇది చదవండి

కొత్త ఫ్లాట్‌లో వంటగది పని చేయించుకుంటున్నవాళ్ల కోసం రాస్తున్నాను. గట్టు కింద బిల్టిన్ ఫ్రిజ్ పెట్టించాలనుకుంటే అడ్వాన్స్ ఇవ్వకముందే దయచేసి మొత్తం చదవండి. మాకు డబ్బు పోయింది, పైగా మందుల విషయంలో పెద్ద ప్రమాదం తప్పింది.

మాది విజయవాడ. వంటగది 8 అడుగులకి 7 అడుగులు, పెద్ద ఫ్రిజ్ హాల్లోనే ఉంటుంది. పాలు, పెరుగు, ఇడ్లీ పిండి, మా అత్తయ్య గారి ఇన్సులిన్ కోసం చేతికి అందేలా గట్టు కింద చిన్నది ఒకటి ఉంటే బాగుంటుందనుకున్నాం. మాడ్యులర్ కిచెన్ చేసే షాపుకి వెళ్తే షోరూమ్‌లో అల్మారా తలుపులాగే ఉన్న ఒక తలుపు తీసి లోపల ఫ్రిజ్ చూపించారు. చాలా నచ్చింది. ఆ తలుపు కింద, నేలకి ఆనుకుని ఉన్న స్కర్టింగ్ పట్టీలో ఒక జాలీ ఉంది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు, అదేదో డిజైన్ అనుకున్నాను. అసలు సంగతంతా ఆ జాలీలోనే ఉందని తర్వాత తెలిసింది.

మా గట్టు ఎత్తు 34 అంగుళాలు. నేను పొట్టిదాన్ని కాబట్టి అంతకంటే ఎత్తు వద్దన్నాను. మన దగ్గర అందరిలాగే కింద కడప బండ, పైన గ్రానైట్ వేశారు, రెండూ కలిపి రెండున్నర అంగుళాల మందం. అంటే కింద మిగిలేది 31.5 అంగుళాలు, సుమారు 80 సెంటీమీటర్లు. గట్టు కింద పట్టే బిల్టిన్ ఫ్రిజ్‌లు మామూలుగా 60 సెంటీమీటర్ల వెడల్పు, కాళ్లు పూర్తిగా తగ్గించినా 82 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి (బిల్టిన్ డిష్‌వాషర్‌కి కూడా దాదాపు ఇంతే కావాలి). రెండు సెంటీమీటర్లు తక్కువ! ఈ లెక్క షాపువాళ్లకి తెలియకుండా ఉండదు, కొలతలు తీసుకున్నది వాళ్లే. కానీ మాకు ఒక్క మాట చెప్పకుండా, బిగించే రోజున వేరే ఫ్రిజ్ తెచ్చారు. ఇదేంటని అడిగితే "ఇది కూడా అండర్‌కౌంటరే (గట్టు కింద పట్టేదే) మేడమ్, ఇంకా మంచిది" అన్నారు. అది విడిగా గోడ పక్కన పెట్టుకునే చిన్న ఫ్రిజ్. దాని చుట్టూ మూడు వైపులా ప్లైవుడ్ కొట్టి, ముందు మిగతా అల్మారాలకి మ్యాచ్ అయ్యే తలుపు బిగించి, కింద స్కర్టింగ్‌తో పూర్తిగా మూసేసి వెళ్లారు. చూడటానికి అచ్చం షోరూమ్‌లో చూసినట్టే ఉంది. నేను ఆ సాయంత్రమే బ్యాలెన్స్ డబ్బు కట్టేశాను.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఫ్రిజ్ అంటే లోపలి వేడిని లాగి బయటికి పంపే యంత్రం. విడిగా నిలబెట్టే ఫ్రిజ్‌లు ఆ వేడిని వెనక ఉండే నల్లటి జాలీ నుంచో, పక్క గోడల నుంచో వదులుతాయి, అందుకే కొన్నిటి పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. వాటి చుట్టూ ఖాళీ ఉండి తీరాలి. మాకిచ్చిన ఫ్రిజ్ మాన్యువల్‌లో వెనక 10, పక్కల 5 సెంటీమీటర్లు వదలమని బొమ్మ వేసి మరీ ఉంది, నేను చదివింది ఆరు నెలల తర్వాత. అసలైన గట్టు కింది బిల్టిన్ రకం అయితే కింద ముందువైపు నుంచే గాలి తీసుకుని ముందువైపు నుంచే వదిలేలా తయారు చేస్తారు. స్కర్టింగ్‌లో జాలీ ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఆ జాలీని మూసినా, ముందు పట్టీ తగిలించినా అది కూడా పాడవుతుంది.

చలికాలం ఏమీ తెలియలేదు. మార్చి వచ్చేసరికి మోటారు ఆగకుండా తిరగడం మొదలైంది. ఏప్రిల్లో పొద్దున కాచి పెట్టిన పాలు సాయంత్రానికి విరిగిపోయేవి, పిండి పొంగి గిన్నె దాటేది. పక్క అల్మారాలో బియ్యం డబ్బా కూడా వేడిగా ఉండేది, ప్లైవుడ్ మీది లామినేట్ అంచులు లేచాయి. ఎండలు ఎక్కువ కదా అని సర్దుకున్నాం. ఒకరోజు మా ఆయన ఎందుకో అనుమానం వచ్చి లోపల థర్మామీటర్ పెట్టి చూస్తే 14 డిగ్రీలు! ఇంకా తెరవని ఇన్సులిన్ పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అత్తయ్య గారికి షుగర్ ఎందుకు అదుపులోకి రావట్లేదా అని అప్పటికే డాక్టర్ చుట్టూ తిరుగుతున్నాం. కారణం ఇదేనని నేను గట్టిగా చెప్పలేను, కానీ ఆ పెన్నులన్నీ పారేసి కొత్తవి కొన్నాం. ఆవిడ ముఖం చూడలేకపోయాను ఆ రోజు.

ఫ్రిజ్ కంపెనీ టెక్నీషియన్ వచ్చి తలుపు తీయగానే "అమ్మా, దీన్ని ఇలా పెట్టకూడదు, వారంటీ రాదు" అన్నాడు. అతని తప్పు లేదు, టేపు పెట్టి కొలిచి మాన్యువల్‌లో పేజీ తీసి చూపించాడు. కిచెన్ షాపువాళ్లేమో ఫ్రిజ్ సంగతి కంపెనీని అడగమన్నారు. వాళ్ల బిల్లు తీసి చూస్తే "అండర్‌కౌంటర్ ఫ్రిజ్ - 1" అని మాత్రమే ఉంది, మోడల్ నంబర్ లేదు. అక్కడే నేను దొరికిపోయాను. 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాక ప్లైవుడ్ పని ఉచితంగా మార్చి ఇచ్చారు, ఫ్రిజ్ డబ్బు మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం. వస్తువు విలువ 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు, కాబట్టి భయపడి ఊరుకోకండి.

మీరు మాత్రం ముందు ఫ్రిజ్ మోడల్ ఖాయం చేసుకోండి, దాని ఇన్‌స్టలేషన్ డ్రాయింగ్ ప్రింట్ తీసి మేస్త్రికి, కార్పెంటర్‌కి చెరొకటి ఇవ్వండి, ఆ తర్వాతే గట్టు. వేడి గాలి ఎటు నుంచి బయటికి పోతుందని షాపులో అడగండి, సూటిగా చూపించలేకపోతే లేచి వచ్చేయండి. ఎత్తు ఎప్పుడూ టైల్స్ వేశాకే కొలవాలి, గట్టు అడుగు నుంచి కొలవాలి. ఎత్తు చాలకపోతే గట్టు మొత్తం పెంచక్కర్లేదు. ఫ్రిజ్ వచ్చే చోట కడప బండ ఆపేసి ఇనప ఫ్రేమ్ మీద గ్రానైట్ నిలబెడితే చాలు. మాకే అలా చేసి ఉంటే 84 సెంటీమీటర్లు దొరికేది, అసలు ఫ్రిజ్ హాయిగా పట్టేది. ప్లగ్గు ఫ్రిజ్ వెనక కాకుండా పక్క అల్మారాలో పెట్టించండి, లేకపోతే రిపేరు వచ్చినప్పుడు స్విచ్ తీయడానికే అంతా ఊడదీయాలి. స్టవ్ కింద, ఓవెన్ పక్కన వద్దు. లేబుల్ మీద క్లైమేట్ క్లాస్ అని ఉంటుంది, అంటే బయట ఎంత వేడి వరకు ఆ ఫ్రిజ్ సరిగ్గా పనిచేస్తుందో చెప్పే గుర్తు, అది కూడా చూడండి: ఎన్ అంటే 32 డిగ్రీల వరకు, ఎస్‌టీ అంటే 38, టీ అంటే 43. మన ఎండలకి టీ లేనిది తీసుకోవద్దనే నా మాట.

బిల్లులో మోడల్ నంబర్, "బిల్టిన్" అనే మాట రెండూ రాయించుకోండి. గట్టు ఇంకా వేయనివాళ్లుంటే ఈరోజే మేస్త్రికి ఫోన్ చేసి ఆ ఒక్క చోట కడప బండ ఆపమని చెప్పండి.