రెండు రోజులకు ఇచ్చిన డబ్బు దండగ కాలేదు

విజయనగరంలో ఒక మసీదు ప్రహరీకి ఆనుకొని ఉంటుంది మా బడి. ఎల్‌కేజీ నుంచి ఏడో తరగతి దాకా 140 మంది పిల్లలు, తొమ్మిది మంది టీచర్లు, ఖురాన్ కంఠస్థం చేయించే హాఫిజ్ సాబ్ ఒకరు. ఉదయం 7 నుంచి 9 వరకు ఖురాన్, ఆ తర్వాత రాష్ట్ర సిలబస్. ప్రధానోపాధ్యాయురాలిని నేనే, ఆయా రాని రోజు గంట కొట్టేదీ నేనే.

ఇస్లామీ బడుల నిర్వాహకులకు శిక్షణ, బడి బాగుపడటానికి సలహాలు ఇచ్చే హైదరాబాద్ సంస్థ ఒకదాన్ని పోయిన ఏడాది పిలిపించాం. పేరు రాయను, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి. వందమందిలో ఒక ముస్లిం కూడా లేని జిల్లాలు మావి. ఇలాంటి సేవ ఎలా ఉంటుందో అడిగి తెలుసుకుందామంటే పక్క ఊళ్లో మరో బడి ఉండదు. శ్రీకాకుళం నుంచి ఇద్దరు ఫోన్ చేసి అడిగారు, అందుకే ఈ నాలుగు మాటలు.

రెండు రోజుల పరిశీలనకు 40 వేలు, ఏడాది పొడవునా ఆన్‌లైన్ శిక్షణకు మరో 80 వేలు. ఏటా దానంగా తీసే జకాత్ సొమ్ము ఇందుకు ముట్టుకోవద్దని, అది పేదవాడి చేతికే చేరాలని మౌలానా ముందే చెప్పేశారు. కమిటీలో ఒక పెద్దాయన తన జేబులోంచి ఇచ్చారు. కనుక లెక్క చెప్పాల్సిన బాధ్యత నా మీద ఉంది.

సంస్థ తరఫున వచ్చినాయన ఫలక్‌నుమా రైల్లో తెల్లవారకముందే దిగి, నేరుగా ఫజర్ నమాజుకు వచ్చారు. ఏడింటికి హిఫ్జ్, అంటే కంఠస్థం చేసే తరగతిలో చివరి వరుసలో చాప మీద కూర్చున్నారు. ఒళ్లో గడియారం, చేతిలో పెన్సిలు. రెండు గంటలు నోరు విప్పలేదు. కొత్త పాఠం సబక్, ఈ మధ్య చదివింది సబ్కీ, పాతదంతా మంజిల్. ఈ మూడూ ప్రతి పిల్లవాడూ హాఫిజ్ సాబ్‌కే అప్పజెప్పాలి. పిల్లలు 22 మంది, ఉన్నది 120 నిమిషాలు. ఒక్కొక్కరికి ఐదున్నర నిమిషాలు కూడా రాదని ఆయన కాగితం మీద వేసి చూపించేదాకా, నాలుగేళ్లుగా ఆ గది ముందు రోజూ నడిచే నాకు తట్టలేదు.

ఖురాన్‌లోని ముప్పై పారాల్లో (భాగాల్లో) పదకొండు పూర్తయిన పిల్లవాణ్ని పిలిచి నాలుగో పారా మధ్యలోంచి చదవమన్నారు. రెండు ఆయతులు (వాక్యాలు) గడగడా చదివి ఆగిపోయాడు. ఒళ్లు మాత్రం ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంది, నోట మాట లేదు. కొత్త పాఠం తొందరలో పాతది కారిపోతోంది.

హాఫిజ్ సాబ్‌కు కోపం వచ్చింది. 'నా ఉస్తాద్ నాకు ఇలాగే నేర్పారు' అన్నారు. వచ్చినాయన వాదించలేదు. హాఫిజ్ సాబ్ ఎదుట మోకాళ్ల మీద కూర్చొని, 'ఒక పేజీ చదువుతాను, తప్పులు దిద్దండి' అన్నారు. అరబ్బీలోని ద్వాద్ అక్షరం సరిగ్గా పలకలేదని హాఫిజ్ సాబ్ రెండుసార్లు ఆపి చెప్పించారు. ఆ తర్వాతే చాయ్ తెప్పించారు, మాట విన్నారు. ఇప్పుడు మంజిల్ మాత్రం పిల్లలు జోడీలుగా ఒకరిది ఒకరు వింటారు. సబక్, సబ్కీ హాఫిజ్ సాబ్ వింటారు. ప్రతివాడికీ మూడు గడుల నోటుబుక్కు, తప్పు దొర్లిన చోట ఎర్ర చుక్క. రంజాన్ నాటికి ఆ పదకొండు పారాల వాడు నాలుగో పారా ఎక్కడినుంచి అడిగినా అందుకున్నాడు. పన్నెండోది మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. వాళ్ల నాన్నకు అది కాస్త అసంతృప్తే.

రెండో రోజు కమిటీతో సమావేశం. మా కమిటీ ఎప్పుడూ రాత్రి ఇషా నమాజు అయ్యాక మసీదులోనే కూర్చొని నిర్ణయాలు చేసేది. ఆ వేళకు అక్కడికి నేను వెళ్లను, మర్నాడు పొద్దున వాచ్‌మన్ చెబితే తెలిసేది. ఒకసారి ఫీజు పెంచిన సంగతీ అలాగే తెలిసింది. వచ్చినాయన ఖురాన్ 42వ సూరా (అధ్యాయం) 38వ ఆయతు చదివి, 'వ్యవహారాలు పరస్పర సలహాతో నడపమని ఉంది, బడి నడిపే ఆవిడ లేకుండా సలహా ఎలా అవుతుంది సదర్ సాబ్?' అని కమిటీ అధ్యక్షుణ్ణి అడిగారు. మైనారిటీలు సొంత బడులు నడుపుకోవచ్చని రాజ్యాంగం 30వ అధికరణం మనకు హక్కు ఇచ్చింది, మన బడి మన ఇష్టం అని ఒకరు లేచారు. 1958లో కేరళ విద్యా బిల్లు విషయంలో సుప్రీంకోర్టే చెప్పింది కదా, నిర్వహించుకునే హక్కులో పాడుచేసుకునే హక్కు కలిసి లేదని, అన్నారు వచ్చినాయన. ఇప్పుడు నెలకొకసారి సాయంత్రం అసర్ నమాజు తర్వాత బడి వరండాలో కూర్చుంటున్నాం. నా కుర్చీ కూడా ఉంటోంది.

లెక్కల మాస్టారికి ఇచ్చిన సలహా చిన్నదే గాని బాగా పనిచేసింది. భిన్నాలు చెప్పేటప్పుడు జకాత్‌గా ఇచ్చే నలభయ్యో వంతు, వారసత్వ వాటాల్లో సగం, పావు, ఆరో వంతు ఉదాహరణగా తీసుకోమన్నారు. మాస్టారు హిందువు. వాటాలు తప్పు చెబుతానేమోనని మౌలానా దగ్గర రెండు సాయంత్రాలు కూర్చొని నేర్చుకొని మరీ చెప్పారు.

ఇక్కడికి 40 వేలకు న్యాయం జరిగింది. మిగతా 80 వేల సంగతికి వస్తాను. 84 పేజీల నివేదిక ఇంగ్లీషులో పంపారు. మా కమిటీలో ఉర్దూ చదివేవారు ముగ్గురు, తెలుగు చదివేవారు అందరూ. ఇంగ్లీషు నివేదిక రెండు పేజీలు తిప్పేది నేనొక్కదాన్నే. తెలుగులో అడిగితే అదనంగా అవుతుందన్నారు. ఆన్‌లైన్ పాఠాల్లో ఉదాహరణలన్నీ ఇంగ్లండ్, దుబాయి బడులవి. విభాగాధిపతులను ఎలా నడిపించాలో ఒక గంటసేపు చెప్పారు. తొమ్మిది మంది టీచర్లలో విభాగాలెక్కడివి? బడి ఆశయం ఒక్క వాక్యంలో రాయమని మూడు వారాలు తిప్పారు. ఆ వాక్యం ఏమిటో ఇప్పుడు నన్ను అడిగితే గోడ మీద చూసి చెప్పాలి.

ఇంకొకటి. రెండోసారి వచ్చే తేదీ మమ్మల్ని అడగకుండా వేసేశారు. అది సరిగ్గా మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మంగళవారం! మూడు లాంతర్ల దగ్గర జనంలో పెట్టె నెత్తిన పెట్టుకొని, సిరిమాను కోట దాకా వెళ్లి వచ్చేవరకు ఇద్దరు శిక్షకులు నిలబడిపోయారు. బడికి ఎలాగూ సెలవే. మా ఇంట్లో అన్నం తిని, రాత్రి బండికి వెళ్లిపోయారు. ఆ రోజుకు మాత్రం డబ్బు తీసుకోలేదు, అది చెప్పకపోతే తప్పు.

ఫోన్ చేసిన ఇద్దరికీ ఇదే చెప్పాను: రెండు రోజుల పరిశీలన ఒక్కటే మాట్లాడుకోండి, గడియారం పట్టుకొని చాప మీద కూర్చునే ఆయన్నే పంపమని అడగండి, నివేదిక తెలుగులో ఇస్తామని ముందే కాగితం మీద రాయించుకోండి. మేము జూన్‌లో మళ్లీ పిలుస్తున్నాం. ఈసారి ఒకటో తరగతిలో కూర్చోమంటాను.