స్ప్రాకెట్‌లో టీ95: బరువంతా ముక్కు మీదే

స్ప్రాకెట్ అంటే ట్యాంకుల్ని మనమే రూపొందించి నడిపే కంప్యూటర్ గేమ్. ఏడాది దాటినా దీన్ని వదలబుద్ధి కాకపోవడానికి కారణం ఒక్కటే: ఇందులో కవచానికి బరువుంది. బండి పైకప్పులోని ఒక్కో ముఖానికి, అంటే ఒక్కో పలకకి, విడిగా మందం ఇవ్వొచ్చు, ఇచ్చిన ప్రతి మిల్లీమీటరూ బండి మోయాల్సిందే. టీ95 కట్టేటప్పుడు తెలిసినంతగా ఈ సంగతి ఇంకే బండితోనూ తెలియలేదు.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికా మొదలుపెట్టి రెండంటే రెండే కట్టిన, టరెట్ (గన్‌తో చుట్టూ తిరిగే పై గది) లేని ట్యాంక్ డిస్ట్రాయర్, అంటే శత్రు ట్యాంకుల్ని కూల్చే బండి, ఇది; టీ28 అన్నా ఇదే. ముందు కవచం 305 మి.మీ., బరువు 86 టన్నులు, ఇంజిను మాత్రం 500 హార్స్‌పవర్ ఫోర్డ్ వీ8. గేమ్‌లో ఇంజిన్‌కి 8 సిలిండర్లు, ఒక్కోటి 2.25 లీటర్లు పెడితే సరిపోతుంది. గన్ 105 మి.మీ., గొట్టం పొడవు 65 క్యాలిబర్లు, అంటే 105 మి.మీ.కి 65 రెట్లు, 6,825 మి.మీ.

తిప్పలన్నీ ముక్కు దగ్గరే. ముందు వైపు ముఖాలన్నింటికీ ఒకేసారి 305 ఇచ్చేస్తే బండి 86 టన్నులు ఎప్పుడో దాటిపోతుంది. ఆ మందంలో ఒక్క చదరపు మీటరు ఉక్కే దాదాపు 2.4 టన్నులు! అసలు బండిలో అంత మందం పై భాగానికే. కింది ముక్కు 133, పక్కలు 64 మి.మీ. కింది ముక్కు 3 చదరపు మీటర్లుంటే అది సరిచేయగానే 4 టన్నులు దిగింది.

అయినా గట్టిగా బ్రేకు వేస్తే ముందు రెండు చక్రాలు పూర్తిగా అణిగిపోయి, కింది పలక నేలను గీరి, గొట్టం కొస మట్టిలో దిగబడింది. స్ప్రింగులు బిగిస్తే ముక్కు లేచింది కానీ, ప్రతి గతుక్కీ గన్ ఊగుతూ గురి కుదరలేదు. పరిష్కారం స్ప్రింగుల్లో లేదు. మొదటి చక్రాన్ని అర మీటరు ముందుకు జరిపి సరిగ్గా ముందు పలక కిందికి తేవాలి, ఇంధన ట్యాంకునీ మందుగుండు అరనీ వెనక్కి నెట్టాలి, ఆ తర్వాతే స్ప్రింగు కొంచెం బిగించాలి. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికే.

నేల మీద ఒత్తిడి తగ్గించడానికి అసలు బండికి ఒక్కో పక్క రెండేసి ట్రాకులు పెట్టారు. బయటి జత ఊడదీసి, కలిపి కట్టి, వెనకాల లాక్కెళ్లొచ్చు. అప్పుడు వెడల్పు 3.15 మీటర్లే. ఇక్కడ పక్కకో వెడల్పాటి ట్రాకుతో సరిపెట్టాం. చూపుకి లోటే, నడకకి కాదు.

గంటకు 13 కిలోమీటర్ల మించి వేగం ఆశించొద్దు. అప్పటి అమెరికా ట్యాంకు పెర్షింగ్‌దీ 500 హార్స్‌పవరే, దాని బరువు ఇందులో సగం. పై గేరు నిష్పత్తి తగ్గించి వేగం లాగితే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిను చతికిలబడుతుంది.

మొదట్లో ముఖాలు ఇష్టమొచ్చినట్టు మలిచే స్వేచ్ఛని తెగ మెచ్చుకున్నాం. పోతపోసిన ఆ గుండ్రటి ముందు భాగం కోసం పదీ పన్నెండు ముఖాలు చేసి, ప్రతిదానికీ మందం సరిచూసుకుంటూ కూర్చుంటే ఆ ఉత్సాహం కొంత తగ్గింది. వారాంతం మొత్తం చేతిలో ఉండి, లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. రాత్రి గంట సేపు ఆడి పడుకునేవాళ్లయితే టీ95తో కాకుండా ఏ 20 టన్నుల బండితోనో మొదలుపెట్టండి.