రుయా బయట ఆదివారం భోజనం: వడ్డన బాగుంది, పార్సిల్ పద్ధతి మారాలి

తిరుపతి రుయాలో మంచం మీదున్న రోగికి ఆసుపత్రి డైట్ వస్తుంది. పక్కన కూర్చున్న తల్లికో తమ్ముడికో రాదు. ఆదివారం మధ్యాహ్నం ఒక చర్చి వాళ్లు ఆసుపత్రి బయట పెట్టే భోజనం ముఖ్యంగా వీళ్ల కోసమే. డబ్బు తీసుకోరు, ఊరూ పేరూ అడగరు.

ముందు మెచ్చుకోవాల్సింది వడ్డన. బైబిలు వాక్యం, ప్రార్థన వంట దగ్గరే ముగించుకుని వస్తారు, ఇక్కడ మూత తీయగానే గరిటె పడుతుంది. శరీరానికి కావలసింది ఇవ్వకుండా 'సమాధానముగా వెళ్లుడి' అంటే ఏం ప్రయోజనమని బైబిల్లోని యాకోబు పత్రిక (యాకోబు రాసిన లేఖ) రెండో అధ్యాయం సూటిగా అడుగుతుంది. ఆకలితో నిలబడ్డవాళ్లకు అరగంట ప్రసంగం వినిపించే బృందాలు అది మళ్లీ చదువుకోవాలి. ఇక్కడ మాత్రం గరిటె పట్టుకున్నామె నోట వినపడేది "ఇంగొంచెం ఏసుకోమా" అన్న మాటే.

సాంబారన్నం కొలత సరిగ్గా ఉంది. వంద మందికి 8 కిలోల బియ్యం, రెండున్నర కిలోల కందిపప్పు, 4 కిలోల కూరగాయలు. దించేటప్పుడు గరిటె జారుగా ఉంటేనే వడ్డించే వేళకు ముద్దకట్టదు. ఆ జారు వీళ్లకు కుదిరింది. మునక్కాయ మానేసి గుమ్మడి, క్యారెట్, బీన్స్ వేయడం మంచి ఆలోచన. నిలబడి తినేవాళ్లు పిప్పి ఎక్కడ పడేస్తారు?

పెరుగన్నం ఎండాకాలంలో దెబ్బతింటోంది. పొద్దున 9కి పెరుగు కలిపేస్తే ఒంటిగంటకు పులిసిపోతుంది. చల్లారిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, నాలుగు చెంచాల పెరుగు మాత్రం వేసి, మిగతాది వడ్డించే ముందు కలిపితే సరిపోతుంది.

అసలు లోపం పార్సిల్ దగ్గరుంది. వార్డు వదిలి రాలేనివాళ్ల కోసం 11 గంటలకే పొగలు కక్కే అన్నాన్ని పల్చటి ప్లాస్టిక్ కవర్లలో వేసి ముడేస్తున్నారు. పంచేది చివర్న, 2 గంటలకు. వండినా చావని బ్యాక్టీరియా బీజాలు అన్నంలో ఉంటాయి. 60 డిగ్రీల కంటే దిగి, గోరువెచ్చగా గంటల తరబడి నిలవుంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. వాసన తేడా లేకపోయినా వాంతులు కావచ్చు. అందుకే అన్నం అండాలోనే మూతపెట్టి వేడిగా ఉంచి, ఇచ్చే ముందే కట్టాలి. అది వీలుకాకపోతే పార్సిల్‌కు పులిహోర మేలు, చింతపండు పులుపు చెడిపోవడాన్ని కొంత ఆపుతుంది. కిలో బియ్యానికి 100 గ్రాముల చింతపండు, అన్నం గుడ్డ మీద ఆరబోసి పూర్తిగా చల్లారాక కలపాలి.

ఇంకో మాట. క్యూలో నిలబడగలిగినవాళ్లు రెండోసారి కూడా పెట్టించుకుంటున్నారు, పైఅంతస్తులో బిడ్డను వదిలి దిగలేని తల్లికి ఆ పార్సిల్ కూడా ఒక్కోసారి అందట్లేదు. బైబిల్లోనే అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో వచ్చిన ఫిర్యాదు ఇలాంటిదే: రోజూ జరిగే పరిచర్యలో, అంటే భోజనం పంచడంలో, కొందరు విధవరాండ్రను చిన్నచూపు చూశారని. అప్పుడు ఆ పని కోసమే ఏడుగురిని విడిగా ఏర్పరిచారు. ఇక్కడ ఇద్దరు చాలు. పదిన్నరకు వార్డుల్లో తిరిగి ఎన్ని కావాలో రాసుకుని, ఆ లెక్క పక్కన తీసిపెట్టాకే క్యూ మొదలుపెట్టాలి.

వెళ్లేవాళ్లు మూతున్న స్టీలు క్యారియర్ పట్టుకెళ్లండి. అడిగితే అండాలోంచే నేరుగా వేడివేడిగా పోస్తున్నారు.